ఒక్కరికైతే ఉంది

మనిషి చెయ్యి చేసిన ఘనకార్యాల్లో నిప్పు రాజెయ్యడం, చక్రం దొర్లించడం ఇప్పటికే పుస్తకాలకెక్కాయి. లిఫ్టు మెకానిక్ కుడిచెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళడం మాత్రం ఇంకా ఎక్కలేదు. చరిత్రకారుల అశ్రద్ధకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఎవరి బల్ల మీద బిల్లు వాలినా సరే, ఆ చెయ్యి జేబులోకి దూరేది. "ఆగండాగండి!" అన్న సింహనాదం వెలువడేది. నీలం రంగు కార్డొకటి ఒరలోంచి కత్తిలా బయటికొచ్చేది. బిల్లు ఆయన కార్డు మీద కట్టాలి, ఎవరి వాటా నోట్లు వాళ్ళు ఆయన చేతిలో పెట్టాలి. ఇదీ శాసనం.

ఆ కార్డుతో ఖర్చుపెట్టే కొద్దీ ఒక విమాన కంపెనీ ఆయన ఖాతాలో మైళ్ళు జమ చేసేది. మైళ్ళు తగినన్ని పోగైతే, విదేశానికి బిజినెస్ క్లాసులో కాళ్ళు బారజాపుకుని పడుకుని వెళ్ళొచ్చు. ఆయన అంతవరకు చేసిన ప్రయాణమంతా నిలువునే సాగింది. సెల్లారు నుంచి పై అంతస్తుకీ, పై అంతస్తు నుంచి సెల్లారుకీ. అడ్డంగా చెప్పుకోదగ్గ దూరం ఎన్నడూ పోలేదు.

ఈ మహాయజ్ఞానికి అంకురార్పణ కూడా లిఫ్టులోనే జరిగింది. ఒక బ్యాంకు భవనంలో రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టును బాగుచెయ్యబోయి, ఆయనే అందులో ఇరుక్కుపోయాడు. కొత్త రిలే స్విచ్చి వచ్చేదాకా ఎదురుగా అంటించిన కార్డు ప్రకటన తప్ప చూడడానికి మరేమీ లేదు. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి విమానంలో పక్కపక్కన కూర్చుని, గ్లాసుకు గ్లాసు తాకిస్తూ నవ్వుతున్నారు. ఆయన బ్రహ్మచారి. ఆ నవ్వు ఏ కబురుకో ఊహించుకుంటూ కూర్చున్నాడు. బయటపడ్డాక తిన్నగా కౌంటరుకు వెళ్ళి సంతకం పెట్టాడు. ఆనాటి నుంచీ కంపెనీ వెబ్‌సైటులో సీట్లు వెతికిన ప్రతిసారీ, 'ప్రయాణికులు' అన్నచోట 'ఇద్దరు' అనే నొక్కాడు. రెండోవారు ఎవరన్నది చిన్న వివరం. తర్వాత చూసుకోవచ్చు. ఇద్దరికి సీట్లు ఒక్కనాడూ కనిపించలేదు గనక ఆ వివరానికి తొందరా రాలేదు.

కార్డు పుణ్యమా అని బంధువుల్లో పరపతి మాత్రం పెరిగింది.

"మామయ్యా, ఫ్రిజ్ కొంటున్నాం. నువ్వు రాకపోతే ఎలా?" అని మేనకోడలు ఫోన్ చేసేది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షాపుకు వెళ్ళేవాడు.

"రావోయ్ మైళ్ళ దొరా! నువ్వొస్తే గానీ మా ఇంట్లో నీళ్ళు చల్లబడవు," అన్నాడు బావ, అంటే అక్కయ్య భర్త. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆయన నవ్వాడు. కార్డు గీశాక కుటుంబమంతా కారెక్కింది.

"నిన్నూ ఎక్కమందామంటే వెనక సీట్లో ఫ్రిజ్ స్టాండుందిరా తమ్ముడూ," అంది అక్కయ్య.

"పర్లేదక్కా. దానికి దారి తెలీదు కదా, నాకు తెలుసు," అన్నాడు.

ఒక ఉదయం విమాన కంపెనీ నుంచి కబురొచ్చింది. నెలాఖరులోగా వాడకపోతే మైళ్ళన్నీ రద్దు. చూసుకుంటే సరిగ్గా ఇద్దరికి సరిపడా ఉన్నాయి. ఇక ఆ చిన్న వివరం సంగతి తేల్చక తప్పలేదు.

ముందు అక్కయ్యను అడిగాడు.

"పడుకోడానికి అంత దూరం దేనికిరా? ఇంట్లో మంచముందిగా! అన్నట్టు ఆ విమానంలో దుప్పటి మెత్తగా ఉంటుందట. ఇస్తే పట్రా."

"పోనీ నువ్వు రా బావా."

"నువ్వు చెప్పే ఆ ప్రకటనలోలా నువ్వూ నేనూ గ్లాసులు తాకించుకుంటే బావుండదోయ్. జనం హడలిపోతారు!"

మిగిలింది రోజూ తనతో కలిసి అన్నం తినే స్టోర్ కీపరు. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఎక్కడికి గురూ?" అన్నాడు.

మెకానిక్ ఖంగుతిన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. తనూ వేసుకోలేదు.

"అదే... విదేశం."

"విదేశంలో ఎక్కడ?"

"నువ్వెక్కడికంటే అక్కడికే."

స్టోర్ కీపరు క్యారేజీ మూత నెమ్మదిగా పెట్టాడు. "మా పాపకి పరీక్షలు గురూ. మళ్ళీసారి తప్పకుండా."

మళ్ళీసారి లేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన విమాన కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఎంతమందండీ?" అంది అవతలి అమ్మాయి.

"ఇద్దరు."

"ఇద్దరికి లేవు సర్. మైళ్ళ మీద ఇచ్చేది విమానానికి ఒక సీటే. ఒక్కరికైతే ఉంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా ఉంది సర్. ఒక్కరికైతే ఎప్పుడూ ఉంటుంది. ఇన్నాళ్ళూ మీరు చూసుకోలేదా?"

ఆ అమ్మాయి "హలో, హలో" అంది.

"ఉన్నానమ్మా. ఒక్కరికే ఇవ్వు. ఊరు నువ్వే చూడు."

విమానంలో సీటు అచ్చం ఆ ప్రకటనలో ఉన్నట్టే ఉంది. పక్క సీట్లో కోటు వేసుకున్న పెద్దమనిషి. పళ్ళరసం గ్లాసులొచ్చాయి. మెకానిక్ తన గ్లాసును పక్కకు కాస్త ఎత్తిపట్టుకున్నాడు. పెద్దమనిషి మర్యాదగా తల పంకించి, మీట నొక్కాడు. ఇద్దరి మధ్య అడ్డుతెర పైకి లేచింది. చిన్న కుదుపు లేదు, చప్పుడు లేదు. మంచి మోటారని ఆయన మనసులో ఒప్పుకున్నాడు. దుప్పటి ఇంటికి పట్టుకెళ్ళొచ్చా అని అడిగితే, కుదరదన్నారు.

దిగిన ఊళ్ళో సముద్రం ఉంది. దాని ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉంది. పక్క బల్ల చుట్టూ ఒక కుటుంబం ఇరుకిరుగ్గా కూర్చుని, ఒకరి మాట ఒకరు వినకుండా నవ్వుకుంటోంది. వాళ్ళ బిల్లు వచ్చింది. ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచింది. "ఆగండా..." అన్నది సగం నోట్లోనే ఆగింది. వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు.

కాసేపటికి ఆయన బిల్లు కూడా వచ్చింది. ఒక్క కాఫీ. ఈసారి చెయ్యి తాపీగా, ఠీవిగా జేబులోకి వెళ్ళింది. నీలం రంగు కార్డు బయటికొచ్చింది. హోటలామె తల అడ్డంగా ఊపి, గోడ మీది బోర్డు చూపించింది.

అక్కడ కార్డులు తీసుకోరు.