నిపుణుడి తల, నా నోటుబుక్కు

నేను కాలేజీ గడప తొక్కలేదు. ఇంట్లోనే చదువుకుని నెట్‌వర్క్ పని నేర్చుకున్నాను. స్వామి దయవల్ల పుత్తూరులో ఒక కంటి ఆసుపత్రిలో చేరాను. నెల రోజులు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు.

ఆ నెల ఆఖరి రోజున కొత్త రూటరు వచ్చింది. అదీ, తిరుపతిలో ఉన్న మా పెద్దాసుపత్రి రూటరూ ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్‌ను అమర్చడానికి చిత్తూరు నుంచి ఒక నిపుణుడు వచ్చారు. ఆయన కొట్టే ప్రతి కమాండునూ నా గోవింద నామాల నోటుబుక్కులో వెనక పేజీల్లో రాసుకున్నాను.

"రాసుకునేదానికి ఇదేమన్నా వంటకమా మ్మా? తలలో ఉండాల!" అని నవ్వారు.

లైను కలిసింది. "సేవ్ చేయలేదు సార్," అన్నాను.

"నాకే నేర్పిస్తావా?" అంటూ టీకి లేచారు. అంతలో కరెంటు పోయి వచ్చింది. రూటరు అంతా మరిచిపోయింది. కళ్లలో మందు చుక్కలతో జనం కూర్చునే ఉన్నారు, వాళ్ల స్కానింగులు తిరుపతి డాక్టరుగారికి చేరడం లేదు.

మేనేజరు పరుగున వచ్చారు. "ఈయమ్మే ఏందో కెలికింది సార్," అన్నారు నిపుణుడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"కెలికితే కెలికింది, మళ్లీ పెట్టప్పా. నీ తలలో ఉండాది కదా?" అన్నారు మేనేజరు.

ఆ తలను నిపుణుడు చాలాసేపు గోక్కున్నారు. చివరికి గొంతు తగ్గించి, "అమ్మా, ఆ బుక్కు యాడుండాది?" అన్నారు.

నేను చదివాను, ఆయన బుద్ధిగా కొట్టారు. చివర్లో సేవ్ కూడా నేనే చేయించాను.

మేనేజరు అంతా చూస్తూనే ఉన్నారు, నా ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ దండం పెట్టుకునేటప్పుడు ఆ నిపుణుణ్ణి తలుచుకుంటాను. అంత తెలివి ఇచ్చిన స్వామి ఆయనకు జ్ఞాపకశక్తి కూడా ఇచ్చి ఉంటే నా గతేమయ్యేది!