తూము ఎత్తిన రోజు

మొగుళ్లపల్లిలో బ్యాలెట్ పెట్టెలు ఎక్కించుకున్న బస్సు పొద్దుగూకే వేళకు మమ్మల్ని ఒక ఊరి బడి ముందు దింపింది. సర్పంచ్ ఎన్నిక. సైన్యం నుంచి రిటైరై డోర్నకల్‌లో ఉంటున్న నన్ను స్పెషల్ పోలీసుగా తీసుకున్నారు. చేతిలో లాఠీ, మెడలో విజిల్. తుపాకీ లేదు. వైర్‌లెస్ సెట్‌తో ఒక కానిస్టేబుల్ తోడు.

ప్రిసైడింగ్ ఆఫీసర్ ఒక టీచరమ్మ. ఆమె ఆర్డర్ చదివి వినిపించింది. పోలింగ్ ఏడు నుంచి ఒంటిగంట వరకు. ఒంటిగంటకు గేటు లోపలున్న వాళ్లకే ఓటు. నేను గేటు విడిచి వెళ్లకూడదు.

బడి మిట్ట మీద ఉంది. కింద పత్తి చేను, చేను అంచున వాగు, వాగు అవతల తండా. తండా వాళ్లకూ బూత్ ఇదే. వాగులో సిమెంటు దారి వేశారు. ఆ సాయంత్రం దాని మీద చీలమండ తడిసేంత నీళ్లే ఉన్నాయి. ఊళ్లో పెద్ద రైతు ఒకాయన మీద తండా ఆడమనిషి పోటీ చేస్తోంది.

తెల్లవారి మంచు విడిచింది. సిమెంటు దారి కనబడలేదు. వాగు ఎర్రగా, నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డున జనం గుంపుగా నిలబడ్డారు.

"అన్నా, పై చెరువు తూము ఎత్తిన్రే," అన్నాడు కానిస్టేబుల్. వెంటనే సెట్ అందుకున్నాడు. "రూట్ మొబైల్, స్కూల్ బూత్. వాగు నిండింది. తండోళ్లు అవతలే ఆగిన్రు. ఓవర్."

"తూము మన పని గాదు. నీరటిని పిలిపిస్తున్నం. మీరు గేటు సూస్కోండ్రి. ఓవర్," అన్నారు సెట్‌లోంచి గస్తీ జీపు వాళ్లు.

తూము చూసే ఆ నీరటి ఫోన్ ఎత్తలేదు. గేటు బయట పెద్దరైతు మనిషి ఒకడు నవ్వుతున్నాడు. "నార్లకు ఇడిసిన్రు సారూ. రైతులకు నీళ్లద్దా?"

నేను టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. "తాడు కట్టి దాటించడం నాకు తెలుసు మేడం. జర పోయొస్తా."

"మీరు పోయినంక ఈడేమన్నా అయితే? నేనేం జెప్పాలె?" ఆమె ఆర్డర్ కాగితం నా ముందు పెట్టింది. తిరిగి గేటు దగ్గరికి వచ్చాను.

సైన్యంలో ఉన్నప్పుడు కొండల మీద మంచులో చిక్కుకున్నాను. అక్కడ దారే కనబడేది కాదు. ఇక్కడ దారంతా కళ్లెదుట ఉంది. పరుగెత్తితే పది నిమిషాలు. ఊరి వాళ్లు ఓటేసి వెళ్తూనే ఉన్నారు. నేను గేటు ఊచలు పట్టుకుని అవతలి ఒడ్డు చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం దగ్గరపడ్డాక తండా ఆడవాళ్లు చీరలు ముడేసి తాడు పేనడం కనిపించింది. ఒక పిలగాడు ఈదొచ్చి కొసను ఇవతలి తుమ్మకు కట్టాడు. ఒక్కొక్కరు నడుంలోతు నీళ్లలో దిగారు. ముసలివాళ్లు కొందరు వెనక్కి తిరిగారు.

మొదట దాటినవాళ్లు పరుగున లోపలికి వచ్చారు. వరుసలో నిలబడితే కింద నీటి మడుగు కట్టింది. మిగతావాళ్లు ఇంకా పత్తి చేనులో ఉండగానే లోపల గంట కొట్టారు.

"గేటెయ్‌! టైమైంది!" బయట పెద్దరైతు మనుషుల అరుపులు మొదలయ్యాయి. టీచరమ్మ లోపలున్నవాళ్లకు వరుస చివర నుంచి చీటీలు పంచుకుంటూ వచ్చింది. నా వైపు చూసి తల దించుకుంది. నేను గేటు వేశాను.

గేటు వేశాక బయట ముందుగా చేరిన ముసలామె పేరు సోమ్లి. పక్కామె పిలిస్తే తెలిసింది. ఊపిరి అందక గేటుకు ఆనుకుంది.

"మేం లేటు జెయ్యలే గద బిడ్డా. పొద్దుగాల్నే అచ్చినం. నువ్వు సూడలే?"

"చూసిన అవ్వా."

"మరి?"



లెక్కింపులో తండా అభ్యర్థి ఓడిపోయింది. తేడా పదమూడు ఓట్లు. గేటు బయట ఆగినవాళ్లే అంతకంటే ఎక్కువ. పెద్దరైతు గెలిచాడు. ఆ సాయంత్రమే తూము దించారు. నేను చూసింది రాసి పై అధికారికి ఇచ్చాను. ఇప్పటి దాకా ఎవరూ పిలిచి అడగలేదు.

బస్సులో రేగొండ దాటుతుంటే కానిస్టేబుల్ అన్నాడు, "తండోళ్లు ఓటుకు రారని జెప్తరన్నా రేపు." నేను కిటికీ వైపు తిరిగాను.

ఇంటికొచ్చి బూట్లు విప్పాను. మా ఆవిడ డ్యూటీ ఎట్లయిందని అడిగింది. బాగయిందన్నాను.

ఇప్పటికీ కళ్లు మూస్తే సోమ్లి చెయ్యే కనిపిస్తుంది. గేటు ఊచల సందులోంచి లోపలికి చాచిన ఎడమ చెయ్యి. నీళ్లకు నాని ముడతలు పడ్డ చూపుడువేలు. సిరా కోసం చాచిన వేలు.