ఎదురెదురు గోడల మీద రెండు పటాలు

నాకు భయమేస్తే కోపం వస్తుంది. మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి, వాయుగుండం వార్త వచ్చినప్పుడల్లా నేను టీవీ ముందు కూర్చుని ఎవరినో ఒకరిని తిడుతుంటే ఎవరూ పట్టించుకోరు. కాపురం తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో, మా పిన్ని రేపల్లె అవతల సముద్రం ఒడ్డున. ఈ మూడింటి మధ్య తిరగడంతోనే నా సగం వయసు గడిచిపోయింది.

ఉద్యోగమంటే పరిశోధన. ఒడ్డు పల్లెలకు ప్రమాదం ఎటు నుంచి వస్తుందో, వస్తే ముందు ఎవరి మీద పడుతుందో తేల్చే ప్రాజెక్టు. నీళ్ల లెక్కలు చూసేది ఒకాయన, మనుషుల సంగతి చూసేది నేను. నేనాయన్ని నీళ్ల సారు అనేదాన్ని, ఆయన నన్ను జనాల మేడమ్ అనేవారు. ఒకే గదిలో ఎదురెదురు గోడల దగ్గర మా బల్లలు. ఆయన గోడ మీద నీళ్ల పటం ఉండేది. ఉప్పెన వస్తే ఎక్కడ ఎంత లోతు నిలుస్తుందో అందులో నీలి రంగులో వేశారు. నా గోడ మీద జనాల పటం. తుఫాను వస్తుందంటే ఏ ఊరివాళ్లు ఎక్కడికి చేరతారో అందులో పచ్చటి సున్నాలు చుట్టాను.

రెండూ ఒకే కొలతలో ఉన్నాయి, ఒకే పల్లెలవి. అయినా ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి మేమెప్పుడూ చూడలేదు. ఎందుకంటే ప్రాజెక్టు ప్రణాళికలో 'కలపడం' అన్న పని మూడో సంవత్సరానికి రాసుకున్నాం. తుఫాను రెండో సంవత్సరమే వచ్చింది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అడవులదీవి దాటాక వచ్చే చిన్న పల్లెలో టీచరుగా చేసి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయింది. మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు అరగలేదు. నా పటం కోసం ఆ ఊళ్లో చర్చి ఆవరణలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, ముగ్గుపిండితో నేల మీద ఊరు గీయమన్నాను. మా క్రైస్తవుల ఇళ్లలో ముగ్గులు వేసే అలవాటు లేదు కదా, గీతలన్నీ వంకర్లు పోతుంటే ఒకటే నవ్వులు. తుఫానొస్తే ఎక్కడికి వెళ్తారని అడిగాను. పిన్ని ముందుకొంగి, గుప్పెడు పిండి తీసుకుని చర్చి చుట్టూ పెద్ద సున్నా చుట్టింది.

"ఇదేం ప్రశ్నే? ఇక్కడికే. పెద్ద ఉప్పెనకే మునగలేదు ఈ చర్చి. మా అత్తగారోళ్లు ఈ మెట్ల మీదే బతికి బయటపడ్డారు" అంది.

నా పటంలో అన్నిటికంటే పెద్ద పచ్చ సున్నా అదే.

ఆ తుఫాను బాపట్లకూ నిజాంపట్నానికీ మధ్య తీరం దాటుతుందని చెప్పిన మధ్యాహ్నం, ఆఫీసులో నాకు కాలు నిలవలేదు. ఏం బుద్ధి పుట్టిందో, నా పటం గోడ మీంచి ఊడదీసి కిటికీ అద్దానికి ఆనించాను. నీళ్ల సారు లేచి తన పటం తెచ్చి దాని మీద పెట్టారు. వెలుతురు రెండు కాగితాల్లోంచీ వచ్చింది. పిన్ని చుట్టిన సున్నా సరిగ్గా అన్నిటికన్నా ముదురు నీలంలో పడింది.

ఆ సున్నా మీద వేలు పెట్టాను.

"అది మెరక కదండీ" అన్నాను.

"ఒకప్పుడు మెరకేనండి. ఇప్పుడు చుట్టూతా రొయ్యల చెరువుల గట్లు, ఇటుపక్క రోడ్డు ఎత్తు చేశారు. లోపలికొచ్చిన నీళ్లకి బయటికి దారి లేదు."

ఎంత లోతని అడిగాను. ఆయన అరచెయ్యి తన గొంతు దగ్గర పెట్టి చూపించారు.

"ఇది నాకెప్పుడు చెబుదామనుకున్నారు సార్?" అని అరిచాను.

"మూడో సంవత్సరంలో ఉంది కదా మేడమ్" అన్నారాయన, ఎగతాళి లేకుండా.

ప్రాజెక్టు నడిపే మా పెద్ద సారుకు ఫోను చేస్తే, లెక్కలు ఇంకా సరిచూడలేదు కదా అని నసిగారు. అయినా అధికారులకు చెప్పారు, వాళ్లు ఆ పల్లెకు ఒక బస్సు పంపిస్తామన్నారు. ఆగలేక మేమూ జీపులో బయల్దేరాం. దారి పొడవునా గాలి లేదు, ఆకు కదలలేదు. ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసింది.

పిన్ని అప్పటికే చర్చి మెట్ల మీద, ఒళ్లో బైబిలు సంచీ, పక్కన మోకాళ్ల నూనె సీసా పెట్టుకుని ఉంది. చెప్పిందంతా విని, "ఊరంతా ఇక్కడుంటే నేను బస్సెక్కాలా? రానుపో" అంది.

"అయితే నేనూ కదలను" అని పక్కన కూలబడ్డాను. బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. నా మొహం చూసి పిన్ని తిట్టుకుంటూ లేచింది. తన ప్రాణం కోసం కాదు, నాకోసం వచ్చింది. టీచరమ్మ వెళ్తోందని నాలుగిళ్లవాళ్లు కూడా బస్సెక్కారు. మిగిలినవాళ్లు చర్చిలోనే ఉండిపోయారు.

పిన్నిని తెనాలి మా ఇంటికి తెచ్చాను, ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. తెల్లారేసరికి తుఫాను దిశ మార్చుకుని ఉత్తరంగా వెళ్లిపోయింది. చర్చిలో ఉన్నవాళ్లు పాటలు పాడుకుని, కిచిడీ తిని, పొడి కాళ్లతో ఇళ్లకు పోయారు. అందరూ దేవుడికి స్తోత్రం అన్నారు, నేనూ అన్నాను. ఆ చర్చి మళ్లీ గెలిచిందని ఊరంతా అనుకుంటుందని అప్పుడే అర్థమైంది నాకు.

అనుకుంది కూడా. దేవుడి మీదకన్నా తెనాలి అమ్మాయి మీదే మన టీచరమ్మకి నమ్మకమెక్కువని ఆదివారాలు ఆవరణలో పిన్నిని ఆటపట్టించారట. అది చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

ఇప్పుడు మూడో సంవత్సరం. రెండు పటాలూ కలిపి ఒకే పటం చేశాం, చూసినవాళ్లంతా బాగుందంటున్నారు. దాన్ని పట్టుకుని ఆ ఊరికి రెండుసార్లు వెళ్లాం. మర్యాదగా కాఫీ ఇచ్చారు, చూసి మడిచి మా చేతికే ఇచ్చేశారు.

ఈ ఉదయం నిజాంపట్నం హార్బరులో మళ్లీ ప్రమాద సూచిక ఎగరేశారు. పిన్నికి ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తింది. వెనక బోలెడు గొంతులు, చాపలు దులుపుతున్న చప్పుడు.

"పిన్నీ, జీపు తెస్తున్నాను, ఎక్కడున్నావు?"

"తేవద్దు. పోయినసారి నీ మాట విన్నా. నాన్నా పులి అన్నట్టయింది నా బతుకు. ఈసారి నన్నొదిలెయ్యి."

"ఎక్కడున్నావో చెప్పు."

"నీకు తెలీదా ఏంటే? నీ పటంలో నన్నెక్కడ పెట్టావో అక్కడే ఉన్నా" అంది.

వెనక పాట మొదలైంది. ఫోను పెట్టేసింది. జీపు కోసం నీళ్ల సారుకు ఫోను కలుపుతుంటే తెనాలిలో చినుకులు మొదలయ్యాయి.