కరుణశ్రీ కాల్చిన గొట్టం

పిల్లకు కడుపు నొప్పి వస్తే, అది తిన్నదాని వల్లో కాదో తల్లి ఎలా తేల్చుకోవాలి? ఎంత వయసొచ్చినా, ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్నకు ఎవరికీ జవాబు దొరకలేదు. తిరువూరులో కరుణశ్రీ మాత్రం ఒక్క అగ్గిపుల్లతో తేలిపోయిందనుకుంది.

కరుణశ్రీ పెనుగొలను బళ్ళో టీచరు. కూతురు గ్లోరి తిరువూరులోనే రెండో తరగతి. బడి గేటు పక్కన రావమ్మ బండి మీద నూనెలో వేయించిన ఎర్రవీ పచ్చవీ గొట్టాలు కొనుక్కుని, వేళ్ళకు తొడుక్కుని, ఒక్కొక్కటే కొరుక్కుంటూ ఇంటికి రావడం ఆ పిల్లకు అలవాటు.

బడులు తెరిచిన రెండో వారం గ్లోరికి వాంతులు పట్టుకున్నాయి. నీళ్ళ వల్ల కావచ్చు, తిండి వల్ల కావచ్చు అన్నాడు డాక్టరు. ఆ రెండు కావచ్చులూ కరుణశ్రీకి సరిపోలేదు. గొట్టాల్లో ప్లాస్టిక్ కలుపుతున్నారనీ, కాలిస్తే బయటపడుతుందనీ అప్పటికే ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. ఆమె కాల్చింది. గొట్టం నల్లటి పొగ కక్కుతూ మండింది. "మీ కళ్ళతో మీరే చూడండి" అంటూ దాన్ని వీడియో తీసి, గ్లోరి బడి తల్లుల గ్రూపులోనూ సండేస్కూలు గ్రూపులోనూ పెట్టింది. ఎవరో పంపిందైతే జనం సగమే నమ్మేవారు. టీచరమ్మ స్వయంగా కాల్చి చూపింది గనక పూర్తిగా నమ్మారు.

వాళ్ళ చర్చి సంఘంలో ఏ పిల్ల పుట్టినరోజు వచ్చినా, ఆ ఆదివారం సండేస్కూలు పిల్లలకు తలా ఒక గొట్టాల పొట్లం పంచడం ఆనవాయితీ. ఆ పొట్లాలు కట్టేది రావమ్మే. ఆ వారం ఆమెకు కబురు వెళ్ళలేదు. పై వారమూ వెళ్ళలేదు. మూడో ఆదివారం మందిరంలో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

"రావమ్మ రాలేదే," అంది అత్తగారు జ్ఞానమణి, ఇంటికొచ్చి జంతికల డబ్బా మూత తీస్తూ. "ఇదిగో, ఇది కూడా ఓసారి కాల్చరాదూ? నేనేం కలిపానో నాకూ తెలుస్తది."

ఆమె ఎగతాళికే అంది. కరుణశ్రీ నిజంగానే కాల్చింది. ఇంటి బియ్యం ఆడించిన పిండి, మంచి నూనె, కాస్త వాము. ఆ జంతిక గొట్టం కన్నా ఎక్కువసేపు మండింది.

"నూనె పీల్చిన పిండి మండక ఏం చేస్తదే? సైన్సు చెప్పేదానివి."

కరుణశ్రీ అప్పుడు కాల్చగా మిగిలిన ఎర్ర గొట్టాన్ని గ్లాసుడు నీళ్ళలో వేసింది. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. ప్లాస్టిక్ మాట అబద్ధం. ఈ రంగు మాత్రం కళ్ళెదుట ఉంది. రెండూ చెప్పాల్సిందే అనుకుంది.

"వచ్చే ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి పొరపాటైందని చెప్పేయ్. ప్రార్థన చేస్తారు, పోద్ది," అంది జ్ఞానమణి.

"మందిరంలో చెబితే దేవుడికి తెలుస్తుంది అత్తయ్యా. బండి దగ్గర కొనేవాళ్ళకి తెలియొద్దూ?"

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి, బడి వదిలే వేళకు బండి ముందు నిలబడింది. పిల్లల కోసం వచ్చిన తల్లులు గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు.

"వందనాలు పిన్నీ."

రావమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "వందనాలు టీచరమ్మా. అగ్గిపెట్టె తెచ్చావా?"

"తెచ్చాను."

వీడియో తియ్యమని ఫోను పక్కనున్న సామ్రాజ్యం అనే తల్లి చేతికిచ్చి, రెండూ వెలిగించింది. "ఇది మా ఇంటి జంతిక. ఇది పిన్ని గొట్టం. రెండూ ఒకేలా మండుతున్నాయి. ప్లాస్టిక్ అని నేను చెప్పింది తప్పు." ఆ వీడియోను అక్కడే నిలబడి, ఆ రెండు గ్రూపుల్లోనే పెట్టింది.

రావమ్మ చేతులు కట్టుకుని చూసింది. "బాగానే ఉంది. అయితే పాపకి ఓ పొట్లం కట్టనా?"

అందరూ కరుణశ్రీ వైపు తిరిగారు. కొంటే గొడవ అక్కడితో సరి. ఇంతలో గ్లోరి పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది.

"వద్దు పిన్నీ. రంగువి పెట్టను. నీ నూనె కూడా నల్లబడిపోయింది."

"గిల్లి జోలపాడటమంటే ఇదేనమ్మా," అంది రావమ్మ తల్లులతో.

"ఇది గ్రూపులో పెట్టలేదు, నీ మొహానే చెబుతున్నా. రంగు లేనివి కొత్త నూనెలో వేయించు. నేనూ నా పిల్లా ఇక్కడే నిలబడి తింటాం."

"తెల్లవి ఏ పిల్లలు కొంటారు?"

"వేలికి తొడుక్కోడానికి రంగెందుకు?"

రావమ్మ విసురుగా బాణలి దించి, ఆ నూనె పాత డబ్బాలోకి ఒంపేసింది. కొత్త ప్యాకెట్టు పళ్ళతో చింపింది. నూనె కాగాక, సంచి అడుగునున్న తెల్ల గొట్టాలు అందులో వేస్తే బుసబుసా పొంగి పైకి తేలాయి. గ్లోరి పది వేళ్ళకూ తొడుక్కుంది. కరుణశ్రీ అందరూ చూస్తుండగా ఒకటి కొరికింది.

"ఉప్పు తగ్గింది పిన్నీ."

"అది కూడా గ్రూపులో పెట్టు," అంది రావమ్మ, నవ్వకుండా.

సామ్రాజ్యం ఒక పొట్లం అడిగింది. వెనక ఇంకొకామె అడిగింది. రావమ్మ చిల్లుల గరిటె అందుకుని పొయ్యి వైపు తిరిగింది.

వెళ్ళొస్తానంటే, పెద్దావిడగా రావమ్మ మంచిదమ్మా అనక తప్పదు. మనసు ఇంకా చల్లారని మనిషి నోట ఆ మాట రప్పించడం కరుణశ్రీకి ఇష్టం లేకపోయింది. అందుకే చెప్పకుండానే గ్లోరి మోచెయ్యి పట్టుకుని, గుంపు పక్కనుంచి తప్పుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.