మామగారు సేవ్ చేయని పేజీలు

మా మామగారు విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. ఎక్కువ కాలం సబ్‌స్టేషన్‌లోనే గడిచింది. పెద్ద పెద్ద ఇంజనీర్లను కూడా కూర్చునే పలకరించేవారని మా ఆవిడ గొప్పగా చెప్పేది. నన్ను చూస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడేవారు. అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా టౌన్‌హౌస్‌లో, నా సొంత హాల్లో, మంచినీళ్ల కోసం నేను నాలుగుసార్లు తిరిగితే ఆయన నాలుగుసార్లూ లేచేవారు. "కూర్చోండి మామయ్యగారూ" అని నేను, "పర్లేదండీ అల్లుడుగారూ" అని ఆయన. మా మధ్య సంభాషణ దాదాపుగా అంతే. ఆయన కాళ్లనొప్పులు చూడలేక నేను దాహానికి ఓర్చుకోవడం నేర్చుకున్నాను.

అది 2007 వేసవి. మా ఆవిడకు ఎనిమిదో నెల. పురిటికి తల్లి రావడం మన ఆనవాయితీ. కానీ అత్తగారు పోయి అప్పటికి మూడేళ్లయింది. అందుకని ఆయనొక్కరే వచ్చారు. రెండు పెట్టెల్లో శొంఠి, వాము, బాలింతలకు పెట్టే కాయం డబ్బా, పుట్టబోయే బిడ్డకు పక్కగుడ్డలుగా పనికొస్తాయని అత్తగారి పాత నేతచీరలు మోసుకొచ్చారు. ఉప్మా తప్ప ఆయనకు వంట రాదు. ఆ ఉప్మాను మా ఆవిడ ఆయన ముందు మెచ్చుకునేది, నా దగ్గర నిజం చెప్పేది. నన్ను 'మీరు' అనడం కూడా ఆయన వచ్చాకే మొదలుపెట్టింది. ఆయన అలా వాకింగ్‌కి వెళ్లగానే మళ్లీ 'నువ్వు'లోకి దిగేది.

వచ్చిన రెండో వారంలో ఒకరోజు గొంతు సవరించుకుని అడిగారు.

"అల్లుడుగారూ, కంప్యూటర్‌లో తెలుగు రాసుకోవచ్చాండీ?"

డైనింగ్ టేబుల్ పక్కన ఒక డెస్క్‌టాప్ ఉండేది. విడిభాగాలు తెప్పించి నేనే బిగించాను. ఇంటికెవరొచ్చినా పక్కపలక ఊడదీసి లోపలి ఫ్యాన్లు చూపించేవాణ్ని. రెండోసారి చూపించమని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. అలాంటిది ఈయన నోరు తెరిచి అడిగేసరికి పొంగిపోయాను. తెలుగు టైపు చేసుకునే వెబ్‌సైట్ ఒకటి తెరిచి చూపించాను. అందులో పై గడిలో ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని కొడితే కింది గడిలో తెలుగులో 'అమ్మ' అని వస్తుంది. ఆయన ముచ్చటపడిపోయారు. ఆ రోజు నుంచి పొద్దున ఉప్మా అవగానే కళ్లజోడు తుడుచుకుని, ఒక్క చూపుడువేలితో పదకొండింటి దాకా కొట్టేవారు.

రాసేది కూతురి కోసమని దాచలేదు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఏమేం చేసిందో రాస్తున్నాను, పూర్తయ్యాక చదువుదువుగాని అన్నారు. బిడ్డకు నలుగు ఎలా పెట్టింది, సాంబ్రాణి ఎలా వేసింది, బాలింతగా తను ఏం తిన్నది, ఏం తినాలనిపించి ఏడ్చింది. తనకు గుర్తులేనివి ఇండియాలో ఉన్న మరదలికి ఫోన్ చేసి అడిగి, కాగితం ముక్కల మీద రాసుకుని, వాటిని చూసి టైపు చేసేవారు. అత్తగారి మాటెత్తితే ఆయనకు గొంతు పూడుకుపోయేది. మా ఆవిడకూ అంతే. మూడేళ్లుగా తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ మాట రాకుండా ఒకరినొకరు తప్పించుకు తిరుగుతున్నారు. నోటితో కానిది వేలితో అవుతోందని నాకు సంతోషంగా ఉండేది.

సేవ్ చేయడం గురించి చెప్పాను, చెప్పలేదని కాదు. కింది గడిలోది కాపీ చేసి, వేరే ఫైల్‌లో పెట్టి, డాక్యుమెంట్స్‌లో దాచుకోవాలన్నాను. ఆయన ఓపిగ్గా విని, "కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది కదండీ, మళ్లీ ఇంకోచోట పెట్టడం ఎందుకండీ?" అన్నారు. మాటిమాటికీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏ యంత్రమైనా పాడవుతుందని ఆయన సబ్‌స్టేషన్ అనుభవం. స్లీప్‌లో పెడితే మర్నాడు ఆపిన చోటే ఉంటుందని తెలిశాక ఇక షట్‌డౌన్ జోలికే వెళ్లలేదు. మామగారికి రెండుసార్లు పాఠం చెప్తే బాగుండదని నేనూ ఊరుకున్నాను. అలా ఐదు వారాల రాత మొత్తం ఆ గడిలోనే ఉండిపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన వాకింగ్‌కి వెళ్లినప్పుడు నాకు చెయ్యి దురద పుట్టింది. స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వచ్చిందని చదివి, దాన్ని ఎక్కించాను. అంతా అయ్యాక రీస్టార్ట్ చేయమంటారా అని ఒక చిన్న పెట్టె వచ్చింది. దాని వెనక మామగారి పేజీ కనిపించింది. అవునని నొక్కితే ఆయన రాతంతా పోతుంది. ఆ క్షణంలో నేనే దాన్ని కాపీ చేసి దాచి ఉంటే ఈ కథే లేదు. ఇంతలో తలుపు చప్పుడైంది. ఆయన పేజీ ముందు దొరికిపోయినట్టు సిగ్గేసి, ఆ పెట్టెకు జవాబివ్వకుండానే స్లీప్‌లో పెట్టి లేచిపోయాను.

ఆదివారం పొద్దున పిలిచారు.

"అల్లుడుగారూ, ఇది లేవట్లేదండీ."

లోపల ఫ్యాను తిరుగుతోంది. పచ్చలైటు వెలుగుతోంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. మౌస్ కదిపాను. కీబోర్డు మీద దరువేశాను. మానిటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను, కేబుల్ మార్చాను, స్నేహితుడి ఇంటికి వెళ్లి ఇంకో మానిటర్ తెచ్చి తగిలించాను. అదీ నల్లగానే ఉంది. మా ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసుకుని వచ్చి నిలబడింది.

"ఏమైంది? ఎవరు ఏం చేశారు?" అంది నావైపు చూస్తూ. ఆ చూపు నాకు బాగా తెలుసు.

నేను నోరు తెరిచేలోపే మామగారు అందుకున్నారు. "నేనేనమ్మా. ఏదో తప్పు మీట నొక్కి ఉంటాను. ముసలి వేలు కదా."

నేను తెరిచిన నోరు మూసేశాను. ఇప్పటికీ ఆ నిమిషం తలచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ముప్పై రెండేళ్ల మగవాణ్ని, నెలకోసారి ఆఫీసులో ఇతరుల తప్పులు వెతికి రిపోర్టు రాసేవాణ్ని.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసేది ఒకటే. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపడం, మళ్లీ పెట్టడం. మా ఆవిడకూ ఆ సంగతి తెలుసు. "పోనీ ప్లగ్ పీకేయరాదూ" అంది సోమవారం. అలా చేస్తే రాసిందంతా పోతుందని చెప్పాను. తను వెళ్లి కుర్చీలో కూర్చుంది. మామగారు "పోతే మళ్లీ రాస్తానమ్మా" అన్నారు. కానీ ఆ రోజు ఉప్మా చేయలేదు. కాగితం ముక్కలు చాలావరకు టైపు చేసినవి చేసినట్టే చింపేశారని మధ్యాహ్నం తెలిసింది. రెండోసారి రాయగలిగే మనిషి కారని ఆయన మొహం చూస్తేనే అర్థమైంది.

మంగళవారం లంచ్‌లో ఆఫీసు స్నేహితుడొకడు అడిగాడు. "క్యాప్స్ లాక్ నొక్కి చూశావా? లైట్ మారుతుంటే లోపల మెషిన్ బతికే ఉన్నట్టు."

కడుపునొప్పని చెప్పి ఇంటికి డ్రైవ్ చేశాను. షూ కూడా విప్పకుండా వెళ్లి క్యాప్స్ లాక్ నొక్కాను. కీబోర్డు మూల చిన్న లైటు వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది. మామగారు నా వెనకే నిలబడి చూస్తున్నారు.

"అయితే లైన్‌లో కరెంటుందన్నమాట. ఇండికేటర్ బల్బే పోయింది" అన్నారు. గొంతులో ఆయన వచ్చినప్పటి నుంచీ నేను వినని హుషారు. "చూడకుండానే ఆపరేట్ చేద్దామండీ. మేం ఎన్నిసార్లు చేశామో. ఒక్క విషయం అల్లుడుగారూ. ముందు ఆఖరిసారి ఏది ఎలా వదిలామో తెలియాలి. నేను వదిలినప్పుడు నా పేజీ ఒక్కటే ఉంది. కర్సర్ పై గడిలో, చివరి మాట పక్కన ఉంది."

ఇక దాచడానికి చోటు లేదు. రీస్టార్ట్ పెట్టె అక్కడే ఉంటే, పొరపాటున ఎంటర్ నొక్కగానే అంతా పోతుంది.

"మామయ్యగారూ, శనివారం నేను..." అని మొత్తం చెప్పేశాను.

ఆయన తల ఊపారు. "తెలుసండీ. నేనొచ్చేసరికి కుర్చీ వెచ్చగా ఉంది."

"మరి మీరే చేశానని ఎందుకన్నారండీ?"

"ఈ పరిస్థితిలో అమ్మాయి మీ మీద అరవడం నాకిష్టం లేదండీ. నా మీదైతే అరవదు." మళ్లీ, "మీరు చెప్తారని కూడా అనుకున్నాను" అన్నారు. ఆ రెండో మాట ఎంత మెత్తగా అన్నారో, నాకు అంత గట్టిగా తగిలింది.

కాగితం మీద వరుసగా రాసుకున్నాం. ఆయన చదువుతుంటే నేను నొక్కాను. ఎస్కేప్, ఆ పెట్టె పోవడానికి. తర్వాత పై గడిలోది మొత్తం ఎంచుకోవడం, కాపీ. చూడకుండానే నోట్‌ప్యాడ్ తెరవడం. పేస్ట్. సేవ్. ఫైలుకు పేరు. ప్రతి మీటకూ ఆయన "ఒకటి... రెండు... మూడు" అని పదిదాకా లెక్కపెట్టి, తర్వాతి దానికి అనుమతిచ్చారు. చివరి ఎంటర్ అయ్యాక లోపల హార్డ్‌డిస్క్ గురగురమని ఆగింది. ఇక పవర్ బటన్ నొక్కాలి. నా వేలు కదల్లేదు. "నేను ఆపుతాను లెండి, మాకు అలవాటే" అని ఆయనే నొక్కిపట్టారు.

మళ్లీ పెడితే స్క్రీన్ వెలిగింది. ఫైలు ఉంది. తెరిచాను. పై గడిలోది కాబట్టి అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే, పేజీల కొద్దీ వచ్చింది. ఆయన రెండు చేతులూ నా భుజాల మీద వేసి ఊపేశారు. తర్వాత గుర్తొచ్చి తీసేసుకున్నారు.

మా ఆవిడను పిలిచి, ముందు నా తప్పు ఒప్పుకున్నాను. "తర్వాత నీ సంగతి చెప్తా" అంది. తండ్రి ముందు 'నువ్వు' అనేసిందని తనూ గమనించలేదు. తెలుగులోకి మార్చేదాకా ఆగలేక, ఆ ఇంగ్లీషు అక్షరాలే కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. నవ్వింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. చివరి వాక్యం సగంలో ఆగిపోయి ఉంది: 'మూడోరోజు మీ అమ్మ నిన్ను నా చేతికి ఇవ్వబోతే నేను'.

"నువ్వు? తర్వాతేంటి నాన్నా?"

కంప్యూటర్ పాడవకముందే, అది టైపు చేయలేక మూడు రోజులు అక్కడే ఆగానని ఆయన ఒప్పుకున్నారు. కిటికీవైపు తిరిగి, మొదటిసారి నోటితో చెప్పారు.

"ఎత్తుకోలేదమ్మా. పదకొండు వేల ఓల్టుల దగ్గర పనిచేసేవాణ్నా, నిన్ను చూస్తే చేతులు వణికాయి. జారిపోతావని భయం. మెడ నిలిచేదాకా ఎత్తుకోలేదు. మీ అమ్మ రోజూ అడిగేది. పోయే ముందు కూడా ఆ మాటే అని నవ్వింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎలా ఉన్నావో నా చేతులకు తెలియదమ్మా."

మా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ ఏడ్చారు. మూడేళ్ల తర్వాత అత్తగారి గురించి ఆ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఆ రాత్రి భోజనాలయ్యేసరికి పదకొండయింది.

మూడు వారాలకు పాప పుట్టింది. మర్నాడు ఉదయం మామగారు ఆసుపత్రి గదికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు. నేను పాపను తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లాను.

"వద్దండీ అల్లుడుగారూ. చేతులు చల్లగా ఉన్నాయి. మెడ నిలిచాక..."

ఆయన మాటకు ఎదురుచెప్పడం నాకదే మొదటిసారి. కుర్చీలో కూర్చోబెట్టి, పాపను ఆయన చేతుల్లో పెట్టి, నా చేతులు తీసేశాను.