సుబేదారు బండికి పెట్టిన వంకలు

మెట్టుగూడలో ఉంటున్న రోజుల్లో నాకు పాత బుల్లెట్ కొనాలనే పిచ్చి పట్టింది. వెతగ్గా రెండు తరాల బళ్లు దొరికాయి. సైనిక్‌పురిలో రిటైరైన సుబేదారుగారిది ముందుతరం: గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేరేడ్‌మెట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడిది తర్వాతి తరం: కాళ్లు తారుమారు, పైగా బటన్ నొక్కితే చాలు, స్టార్టవుతుంది. రెండూ ఒకే ఉదయం నడిపి చూసిన పాపానికి గేరునీ బ్రేకునీ ఎడాపెడా తన్నాను. నా వాలకం చూసి రోడ్డు దాటబోతున్న కోడి ఒకటి ఆ ప్రయత్నం మానుకుంది.

మనసు మాత్రం మొదటిచూపులోనే సుబేదారుగారి బండి మీద వాలింది. నల్లటి ట్యాంకు మీద ఎవరో కుంచెతో గీసిన బంగారు గీతలు, వయసుతో కాస్త వెలిసినవి. ఇంజను చప్పుడు ఏ తొందరా లేని పెద్దమనిషి మాటలా ఉంది.

కానీ మా ఆఫీసులో పాతబళ్ల పండితుడొకాయన ముందే ఉపదేశించాడు. నచ్చినట్టు మొహంలో కనపడితే ధర కొండెక్కుతుందట. కాబట్టి నచ్చినవాటికే వంకలు పెట్టాలట. తుప్పు కోసం వంగి చూశాను. తుప్పు లేదు, తప్పు అక్కడే మొదలైంది. గీతలు వెలిశాయన్నాను. సీటు స్ప్రింగులు కిర్రుమంటున్నాయన్నాను. హెడ్‌లైటు అద్దం పచ్చబడిందన్నాను. నేరేడ్‌మెట్ బండికి ఈ బాధలేవీ లేవని కూడా చేర్చాను. నిజానికి అవన్నీ నాకు నచ్చినవే.

ఇంకెవరైనా అయితే ఇష్టముంటే తీసుకో, లేకపోతే పో అనేవారు. సుబేదారుగారు చేతులు వెనక్కి కట్టుకుని, నిటారుగా నిలబడి అంతా విన్నారు. పటాలంలో తనిఖీకి వచ్చినవాడు లోపం చెబితే వాదించరు, సరిచేస్తారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. వచ్చే ఆదివారం రమ్మన్నారు. ధర తగ్గించడానికేనని ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాను.

ఆదివారం గేటు తీయగానే వేరే బండి కనిపించింది. ట్యాంకు తళతళలాడుతోంది. గీతలున్న చోట స్టిక్కరు. స్ప్రింగులు పోయి ఫోము సీటు వచ్చింది. అద్దం కొత్తది.

"నువ్వు చెప్పినయన్నీ చేయించిన తమ్మీ," అన్నారు సుబేదారుగారు. "ఇంకేమన్న ఉంటే సుత చెప్పు. మొహమాటం వద్దు."

పాత సామాన్ల గురించి, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను. పాత ఇనుము కొనే కబాడీవాడు తీసుకుపోయాడట.

ఇంతలో వాళ్లావిడ టీ తెచ్చారు. "ఆ గీతలు నేను గీసినయే బిడ్డా, ఇస్కూల్ల డ్రాయింగ్ చెప్పే రోజులల్ల. మంచిగ లేవంటివంట గద. నిజమే, గిన్నేండ్లాయె."

టీ కప్పు కింద పెట్టాను. "అవంటేనే నాకు ఇష్టమమ్మా. బేరం కోసం అలా అన్నాను," అన్నాను. ఆ బండి దగ్గర నేను పలికిన మొదటి నిజం అది.

"ఊకో బిడ్డా," అని నవ్వారావిడ. "మా మనసు కష్టపడ్తదని గట్లంటున్నవ్."

అబద్ధాలన్నిటినీ అక్షరాలా నమ్మిన ఇంట్లో నా నిజం ఒక్కటే చెల్లలేదు. మళ్లీ గీసిపెడతారా అని అడిగాను. "ఇప్పుడు చెయ్యి నిలుస్తలేదు బిడ్డా," అని ఆవిడ ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకుని లేచారు. కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, సుబేదారుగారు అలవాటుగా లేచి ట్రే అందుకున్నారు.

బేరమాడకుండా ఆయన మొదట చెప్పిన ధరే చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టి, అందులోంచి కొన్ని నోట్లు తీసి నా చొక్కా జేబులో కుక్కారు.

"పాత బండి తమ్మీ. నువ్వన్నది వాజబే. గంత ధర పలకది."

వద్దండీ అందామనుకున్నాను. ఇన్ని వంకలు పెట్టిన నోరు ఆ ఒక్క ముక్కకి పెగల్లేదు.