బస్సక్క ఖాళీ సీట్లు

ఆ మెట్టల్లో ఒక ఇంటివాళ్ళు గొంతు చించుకుని అరిచినా పక్కింటికి వినపడదు. పక్కిల్లు కొండ అవతల ఉంటుంది మరి. అలాంటి చోట వారానికోసారి పట్నం వెళ్ళొచ్చే బస్సంటే అందరికీ ప్రాణం. దాన్ని నడిపే ఆవిడ బస్సక్క. పిల్లా పెద్దా అందరికీ అక్కే. మొగుడు కూడా నలుగురిలో ఒక్కోసారి అలాగే పిలిచి నాలుక కరుచుకుంటాడు.

బస్సక్కకున్న జబ్బల్లా ఒకటే, కాదనలేకపోవడం. "అక్కా, దగ్గు మందు", "అక్కా, రెండు బల్బులు" అంటూ ప్రతి ఇంటి గేటు దగ్గరా ఎవరో ఒకరు నిలబడేవారు. చెప్పినవన్నీ కొని, సాయంత్రం అదే గేట్లో అందించేది. ఇక బస్సెక్కే ఖర్మ ఎవరికి?

ఒక ఉదయం డిపో మేనేజరు జీపులో వచ్చి, మొదటి స్టాపులోనే బస్సెక్కాడు. పట్నం చేరేదాకా ఆయనొక్కడే ప్రయాణికుడు.

"ఈగలు తోలుకోడానికా అమ్మా ఈ బస్సు? వచ్చే వారం మళ్ళీ వస్తా. ఇలాగే ఉంటే రూటు ఎత్తేస్తాం," అన్నాడు దిగుతూ.

బస్సక్కకు అప్పుడు తెలిసొచ్చింది. మంచితనమనుకుంటూ ఇన్నేళ్ళూ తన బస్సుకు తనే ఎసరు పెట్టుకుంది.

సాయంత్రం ప్రతి గేటు దగ్గరా ఒకటే మాట: "ఇక నేనేం తేను. కావాలంటే మీరే వచ్చి కొనుక్కోండి." రూటు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ ఒక్కరోజు మొహమాటానికి ఎక్కి, ఆపైన మళ్ళీ గేటు దగ్గరే నిలబడతారు.

"అక్కకి తల తిరుగుతోంది," అన్నాడు గొర్రెలాయన. ఒంటరిగా ఉండే మామ్మైతే మొహమ్మీదే గేటు వేసేసింది.

తర్వాతి వారం మేనేజరు ముందు సీట్లోనే కూర్చున్నాడు. మొదటి గేటు దగ్గర ఎవరూ లేరు. రెండో గేటూ అంతే. మూడో మలుపు తిరిగేసరికి గొర్రెలాయన, పెళ్ళాంతో పోట్లాడుతూ చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఆపడమే ఆమె పనైంది. వంతెన దాటేసరికి సీట్లు నిండిపోయాయి. "నువ్వింకా ఉన్నావటోయ్!" అంటూ ఇరుగుపొరుగులు ఒకరినొకరు పట్టి పట్టి చూసుకున్నారు.

చివర్లో మామ్మ ఎక్కింది. మేనేజరు లేచి సీటిచ్చాడు. ఆవిడ కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఈ పిల్ల ఇన్నేళ్ళూ నాకు బూడిద రంగు ఊలే తెచ్చింది నాయనా. నాకేమో ఎరుపంటే ఇష్టం. పాపం, మోసుకొస్తోంది కదా అని నోరు మూసుకున్నా."

బస్సంతా గొల్లుమంది. బస్సక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మేనేజరు పైకడ్డీకి వేలాడుతూ, "రూటు ఎక్కడికీ పోదులే గానీ, మలుపుల్లో కాస్త మెల్లగా పోనియ్యమ్మా," అన్నాడు.

"వచ్చే వారం కూడా వస్తావా మామ్మా?" అంది బస్సక్క, వెనక్కి తిరగకుండానే.

"రాకేం! ఎరుపయ్యాక పసుపు కొనుక్కోవద్దూ?"